అరవై గ్రాముల అనుమానం

పడవలు తూచే మనిషి మోకాలి లోతు నీళ్ళలో మునిగి చచ్చిపోయాడు.

నలభై ఏళ్ళు నీళ్ళ పక్కన బతికినవాడు. చేపలా ఈదేవాడు. అలాంటివాడు పొద్దున ఆరింటికి, ఛాంపియన్‌షిప్ పడవల షెడ్డు వెనక, బాతులు కూడా కాళ్ళు ఆనించి నడిచే చోట బోర్లా తేలుతూ కనిపించాడు. మొదటి డాక్టరు గుండెపోటు అని రాసి చేతులు కడుక్కున్నాడు. రెండో డాక్టరు కాస్త ఓపికున్నవాడు. చెవి వెనక, వెంట్రుకల్లో, చీమ కుట్టినంత సూది గుర్తు పట్టుకున్నాడు. కండరాలను కట్టిపడేసే మందు. మనిషికి తెలివి ఉంటుంది, కళ్ళు తెరుచుకునే ఉంటాయి. తల మాత్రం నీళ్ళలోంచి ఎత్తలేడు.

తొమ్మిదింటికల్లా ఆ ఫైలు డిపార్ట్‌మెంట్ చీఫ్ బల్ల మీదికి చేరింది. తొమ్మిదింపావుకి బల్లకి ఇవతల ఏజెంట్ త్రాసు కూర్చుని ఉన్నాడు.

త్రాసు అనేది కోడ్ నేమ్. వయసు యాభై నాలుగు. బొజ్జ కొంచెం, మీసం దండిగా. ఇంట్లోవాళ్ళ లెక్కలో అతను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ముప్పై ఏళ్ళుగా అదే కవర్. దొంగ పాస్‌పోర్టుతో సరిహద్దు దాటినా, తూటా తగిలి నెల్లాళ్ళు ఆస్పత్రిలో పడున్నా, ఇంటికి మాత్రం "కొట్ల తనిఖీకి క్యాంపు వెళ్ళా" అనే కబురే. "ముప్పై ఏళ్ళలో ఒక్కడి మీదైనా తక్కువ తూకం కేసు రాశావట్రా?" అని అక్క భోజనాల దగ్గర దెప్పని రోజు లేదు. నిజమే, ఒక్కటీ రాయలేదు. రాసే తీరిక ఏదీ?

"కంపెనీ దిగింది," అన్నాడు చీఫ్. కంపెనీ అంటే, డబ్బిచ్చినవాడి కోసం ఎవరినైనా చంపే విదేశీ ముఠా.

"టార్గెట్?"

"అతిథి."

ఆ అతిథి ఎవరో త్రాసుకి వేరే చెప్పక్కర్లేదు. రెండు దేశాల మధ్య ఏడాదిన్నరగా సాగుతున్న యుద్ధాన్ని ఆపించడానికి వచ్చిన పెద్దమనిషి. సోమవారం సంతకాలు. ఆదివారం మాత్రం కయాక్ అనే సన్నటి తెడ్డు పడవల పోటీల ఫైనల్‌లో గెలిచినవాళ్ళకి పతకాలు వేస్తాడు.

"ప్లాన్ ఏంటి సర్?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? ఆ తూకం పెద్దాయన షెడ్డులో ఏదో చూశాడు. చూసినందుకు పోయాడు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళి కూర్చో."

"అంటే ముప్పై ఏళ్ళు అబద్ధం ఆడించి, ఇప్పుడు నిజంగానే తూచమంటారు."

చీఫ్ నవ్వలేదు. ఆయన నవ్వడం ఎవరూ చూడలేదు. "ఇంకో సంగతి. ఆడవాళ్ళ వెయ్యి మీటర్లలో గెలుస్తుందని అందరూ అనుకుంటున్న అమ్మాయి..."

"నా మేనకోడలు. తెలుసు సర్."

"తెలిసే పంపిస్తున్నా. మేనమామ అక్కడ తిరిగితే ఎవడికీ అనుమానం రాదు."

సామాను కింద కెమెరా ఉన్న పెన్ను ఒకటి, రేడియో అమర్చిన బెల్టు బకిల్ ఒకటి ఇచ్చారు. బకిల్ పనిచెయ్యాలంటే పొట్ట బాగా లోపలికి పీల్చాలి. అందుకని ఆ రేడియో అతనికి ఎప్పుడూ పనిచెయ్యలేదు.

*

తూకం గుడారంలో ఒక ఎలక్ట్రానిక్ త్రాసు, దాని మీద పడవ ఒదిగేలా రెండు మెత్తటి ఊయల పట్టీలు, ఒక బల్ల, ఒక రిజిస్టరు. ఏజెంట్ త్రాసు పక్కన ఇంకో కుర్చీలో పరదేశపు జడ్జి ఒకావిడ. కళ్ళజోడు గొలుసుకి వేలాడదీసుకుని, అంకె కనిపించగానే దాన్ని ముక్కు మీదికి ఎక్కించి తనూ చదివి సంతకం పెడుతుంది. ఆవిడ కళ్ళు కప్పి ఒక్క గ్రాము కూడా అటూ ఇటూ పోదు.

రూలు చిన్నది. ఒక్కరు నడిపే కయాక్ పన్నెండు కిలోలకి తగ్గకూడదు. తేలికైన పడవ దూసుకుపోతుంది కాబట్టి. పడవ మరీ తేలికైతే, సీటు వెనక సీసం ముక్క పెట్టి టేపు చుట్టేస్తారు. రేసుకి ముందు తూచి స్టిక్కరు అంటిస్తారు. రేసయ్యాక గెలిచిన పడవల్ని మళ్ళీ తూస్తారు. అప్పుడు తగ్గితే పతకం లేదు. అప్పీలూ లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం ఓ పడవని భుజాన వేసుకుని మేనకోడలు గుడారంలోకి వచ్చి ఆగిపోయింది.

"మామయ్యా! నువ్వేంటి ఇక్కడ?"

"డెప్యుటేషన్ మీద తోలారే. ఊళ్ళో కూరగాయల కొట్లన్నీ అయిపోయాయి, పడవలే మిగిలాయి."

"అయ్యబాబోయ్. ముందు ఆ బొటనవేలు తియ్యి. త్రాసు మీద వేలు నొక్కే బాపతువి నువ్వు."

ఆ అనుమానంలో తప్పులేదు. ఆ పిల్ల మొట్టమొదట కయాక్ ఎక్కిన రోజున, పడవ తోకకి సన్నటి తాడు కట్టి గట్టు మీద గుంజకి ముడేసిన ఘనుడు ఈ మామయ్యే. పావుగంట తెడ్డేసి తెడ్డేసి, పడవ కదలదేమని పిల్ల ఏడుస్తుంటే, గట్టు మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ కసితోనే ఇంతదాన్నయ్యానని ఆమె అందరితోనూ అంటుంది. పదకొండేళ్ళు. అరచేతులు ఎండిన చెక్కలయ్యాయి. కిందటిసారి నాలుగో స్థానం. ఈసారి భుజానికి రెండు ఆపరేషన్లయ్యాయి, మూడోది చెయ్యనన్నాడు డాక్టరు. ఇదే ఆఖరి రేసు.

అంకె వెలిగింది: 12.06.

"సీటు వెనక ఏడువందల గ్రాముల సీసం పెట్టావా? అరవై గ్రాములు ఎక్కువుందేమే? తీయించెయ్, తేలికవుతుంది."

"భలేవాడివి. పన్నెండు మీద ఎవరైనా ఉంచుతారా? ఎండకి సీటు స్పాంజి ఆరుతుంది, మీ త్రాసు బుద్ధి రోజుకో రకం. పది గ్రాములు తగ్గాయంటే నా పదకొండేళ్ళూ పోయినట్టే. ఆ అరవై గ్రాములూ నా భయం మామయ్యా. మోసుకు తిరుగుతా."

ఆ సాయంత్రం అతను చచ్చిపోయిన పెద్దాయన రిజిస్టరు తిరగేశాడు. 12.04. 12.07. 12.05. 12.09. గుండ్రటి చేతిరాతలో వందల పడవలు. అందరూ తలో గుప్పెడు భయం మోసుకు తిరిగేవాళ్ళే.

*

పాలపిట్ట మూడో రోజు వచ్చింది. అదీ కోడ్ నేమే.

మేనకోడలి జట్టుకి ఆవిడ ఫిజియో. తెల్ల కోటు, ఎర్ర కళ్ళజోడు. ఆవిడ నడిచి వెళ్తే మగ జడ్జీలందరికీ ఒకేసారి మెడలు పట్టేసేవి. పట్టేసిన మెడలకి వైద్యం కూడా ఆవిడే. కంపెనీలో మనిషి. రెండేళ్ళుగా కంపెనీ కబుర్లు డిపార్ట్‌మెంట్‌కి అమ్ముతున్న డబుల్ ఏజెంట్.

"నడుం నొప్పి ఎక్కడ సార్?" అంది. కోడ్.

"తూకం ఎత్తిన చోటే," అన్నాడు. జవాబు కోడ్.

బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద వేళ్ళు నడిపిస్తూ గొంతు తగ్గించింది. "సరుకు హోటల్ కార్లో పెడతారు. ఆదివారం పదకొండింటికి అతిథి ఎక్కే కారు. నా పేరు బయటికొస్తే నేను మిగలను."

"ఆ తూకం పెద్దాయనని ఎవరు చంపారు?"

వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. "నాకు చెప్పలేదు. మీ మెడ చాలా బిగుసుకుపోయింది సార్. జాగ్రత్త."

ఆదివారం పదకొండింటికి బాంబు స్క్వాడ్ మొత్తం హోటల్ దగ్గర మోహరించింది. కారు సీటు కింద నిజంగానే ఓ పొట్లం దొరికింది. తీసేశారు. "మిషన్ ఓవర్," అన్నాడు చీఫ్ ఫోన్లో. "ఒంటి గంట ఫైనల్ కూడా చూసుకుని వచ్చెయ్. అమ్మాయి గెలుస్తుందిగా."

*

పన్నెండున్నరకి మేనకోడలు చివరి స్టిక్కరు కోసం వచ్చింది. మొహం పాలిపోయింది. రేసు ముందు ఎప్పుడూ అంతే.

"వేలు తియ్యి మామయ్యా," అంది అలవాటు కొద్దీ.

"తీశానే తల్లీ. రెండు చేతులూ జేబులో పెట్టుకున్నా, చూడు."

"నిన్న సాయంత్రం ఫిజియో అక్క సీటు వెనక అంతా సర్ది కొత్త స్పాంజి అతికించింది. నడుముకి హాయిగా ఉంది. చూస్తూ ఉండు, ఇవాళ కొట్టేస్తా."

అంకె వెలిగింది. జడ్జి కళ్ళజోడు ఎక్కించి చదివి, తలూపి, సంతకం పెట్టింది. స్టిక్కరు పడింది. పడవ భుజానికెక్కింది. పిల్ల నీళ్ళ వైపు వెళ్ళిపోయింది.

త్రాసు రిజిస్టరులో 12.00 అని రాశాడు. రాసిన పెన్ను అక్కడే ఆగిపోయింది.

పన్నెండు. పైన ఒక్క గ్రాము లేదు.

రూలు పుస్తకం చదివినవాడు పన్నెండు అని పెడతాడు. పడవ నడిపినవాడు చచ్చినా పెట్టడు. ఏడువందల గ్రాముల సీసం ముక్క తీసేసి, దాని చోట ఆరువందల నలభై గ్రాముల ఇంకేదో పెట్టి, రూలుకి సరిగ్గా సరిపోయిందని మురిసిపోయిన చెయ్యి ఒకటుంది. ఆ చేతి వేళ్ళు మూడో రోజు తన వీపు మీద నడిచాయి. అవి షెడ్డులో పడవల సీట్లు తడుముతుంటే చూసే పెద్దాయన పోయి ఉంటాడు.

కారులో పొట్లం ఎర. పతకాల వేదిక నీళ్ళ మీద తేలే తెప్ప. టీవీ వాళ్ళ సరదా కోసం, గెలిచినవాళ్ళు తూకం అయ్యాక మళ్ళీ తమ పడవల్లోనే ఆ తెప్ప దగ్గరికి రావాలి. అతిథి వంగి మెడలో పతకం వేస్తాడు. ఆ వంగిన క్షణంలో ఎవరో బటన్ నొక్కుతారు.

ఫోన్లో చీఫ్ అంతా విన్నాడు. "పడవని వెనక్కి పిలిస్తే?"

"పాలపిట్ట చూస్తూనే ఉంటుంది సర్. అనుమానం వస్తే అక్కడే నొక్కేస్తుంది."

"ఆవిణ్ణి పట్టుకుంటే?"

"బటన్ ఆవిడ చేతిలోనే ఉందని నమ్మకం ఏంటి?"

"స్టార్టుకి ఎంత టైముంది?"

"ఇరవై రెండు నిమిషాలు."

"అయితే విను. అంపైర్ మోటారు బోటులో మనవాడున్నాడు. స్టార్టు దగ్గర నువ్వు దాన్ని పడవలోంచి తీసెయ్యగలిగితే టోపీ తియ్యి. టోపీ తియ్యకపోతే అయిదువందల మీటర్ల దగ్గర అతను ఆ పడవని గుద్దేస్తాడు. సరస్సు మధ్యలో. అతిథికీ జనానికీ దూరంగా." చీఫ్ గొంతు ఏమీ మారలేదు. "అక్కడైతే పోయేది ఒక్కరే. క్షమించు."

ఫోను పెట్టేసి త్రాసు బయటికి పరిగెత్తాడు. గట్టు వెంట రేసుతో పాటు సైకిళ్ళ మీద పరిగెత్తే కోచ్‌లు గుడారం బయటే సైకిళ్ళు ఆనించి ఉంచారు. ఒకటి తీసుకున్నాడు. సైకిలు మనిషి వెనకనుంచి ఏదో భాషలో తిట్టాడు. తిట్టు ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

*

వెయ్యి మీటర్ల అవతల, స్టార్టు తెప్ప మీద తొమ్మిది మంది బోర్లా పడుకుని ఉన్నారు. పడవ తోకలు పట్టుకుని నిలిపి ఉంచడం వాళ్ళ పని. అయిదో లేనులో, అంటే అయిదో వరసలో, మేనకోడలి పడవ పట్టుకున్నవాడి భుజం తట్టి, ఛాతీ మీద బ్యాడ్జీ చూపించి, "తూకం ఆఫీసు, లే," అన్నాడు త్రాసు. రొప్పుతూ తను పడుకున్నాడు. బెల్టు బకిల్ పొట్టలో దిగబడింది.

"అయిదో లేను! నంబరు ప్లేటు ఊగుతోంది. పక్కకి రా."

మేనకోడలు వెనక్కి తిరిగి చూసి కళ్ళు పెద్దవి చేసింది. "నువ్వా? తోకకి మళ్ళీ తాడు కడతావా ఏంటి?"

"మాట్లాడకు. ముందుకి చూడు."

రేసు మొదలెట్టే స్టార్టరు చిరాగ్గా చెయ్యి ఎత్తి నిమిషం టైమిచ్చాడు. పడవ తెప్ప పక్కకి ఆనింది. అవతలి గట్టు మీద ఎండలో ఒక చోట ఎర్రగా తళుక్కుమంది. కళ్ళజోడు. అతను ఒళ్ళంతా అడ్డం పెట్టి ఒక చేత్తో నంబరు ప్లేటు తడుముతూ, రెండో చెయ్యి సీటు వెనక్కి దూర్చాడు. కొత్త స్పాంజి. దాని కింద టేపు. టేపు కింద సబ్బు బిళ్ళలా చల్లగా, నున్నగా ఒక దిమ్మ. సీసం అంత నున్నగా ఉండదు.

"మామయ్యా! రేసు ముందు కూడా వేళాకోళమేనా? ఏం చేస్తున్నావ్?"

"నాచు. నాచు పట్టింది."

గోళ్ళతో టేపు లాగాడు. ఒక గోరు సగానికి లేచిపోయింది. దిమ్మ ఊడి అరచేతిలోకి వచ్చింది. చెయ్యి అలాగే నీళ్ళలోకి దించి వదిలేశాడు. తొమ్మిది మీటర్ల లోతు. అంత నీటిని దాటి ఏ బటన్ మాటా కిందికి చేరదు.

సీటు వెనక మిగిలిన ఖాళీలో చెయ్యి ఇంకా ఉంది. జేబులో పొద్దున్నే త్రాసుని సరిచూసుకునే ఇనప తూకం రాయి ఒకటుంది. అరకిలో. అదొక్కటే ఉంది. పిస్తోలైనా ఉంటే పెట్టేవాడు, కానీ రేసు అధికారి తెల్ల నిక్కర్లో పిస్తోలెక్కడ దాచుకుంటాడు? రాయిని నెట్టి టేపు అదిమాడు. అదుముతున్నప్పుడే లెక్క తెలిసిపోయింది. నూట నలభై తక్కువ.

"అయిదో లేను, రెడీయా?" స్టార్టరు అరుపు.

"రెడీ!" అని పడవ తోక పట్టుకుని లాగి నిలిపాడు. నిలిపి, రెండో చేత్తో టోపీ తీసి తెప్ప మీద కొట్టాడు. దూరంగా మోటారు బోటు ఇంజను చప్పుడు మెల్లగా తగ్గింది.

స్టార్టు గంట మోగింది. పడవల ముక్కుల్ని పట్టి ఉంచిన గిన్నెలు నీళ్ళలోకి జారాయి. అతని చేతిలోంచి పడవ బాణంలా పోయింది.

ఆ నాలుగు నిమిషాలూ గట్టు మీద ఇరవై వేల మంది ఆమె గెలవాలని అరిచారు. ఓడిపోతే బాగుండునని మనసులో మొక్కుకున్న మనిషి ఒక్కడే. నాలుగో స్థానంలో వస్తే ఎవరూ తూచరు. కిందటిసారి లాగే ఏడుస్తుంది, తర్వాత మామూలుగా అయిపోతుంది. రా తల్లీ, నాలుగోదానివిగా రా.

ఆమె పడవ పొడుగులో సగం తేడాతో గెలిచింది.

*

గుడారంలో నీళ్ళు కారుతున్న పడవని తుడిచి త్రాసు మీద పెట్టింది. పెదవి నీలం, కళ్ళు నిప్పులు. జడ్జి పక్కన నిలబడింది. గుమ్మం బయట రెండో స్థానం పిల్ల తన పడవ భుజాన వేసుకుని వంతు కోసం ఎదురుచూస్తోంది. మేనకోడలి వెనకే పాలపిట్ట వచ్చింది. ఒక చెయ్యి సంచీలో, ఒక చెయ్యి పిల్ల భుజం మీద.

11.86.

మేనకోడలు పకపకా నవ్వింది. "వేళాకోళం చాలు మామయ్యా. మీట నొక్కి సరిచెయ్యి."

తను కాక ఆ అంకె అర్థమైన ఇంకో మనిషి గుడారంలో ఒక్కరే ఉన్నారు. ఎర్ర కళ్ళజోడు వెనక రెండు కనురెప్పలు మెల్లగా వాలి లేచాయి. సంచీలోంచి చెయ్యి బయటికి వచ్చింది. వేళ్ళ మధ్య బటన్ లేదు. చీమంత సన్నటి సూది ఉంది. అది పిల్ల చెవి వెనక, వెంట్రుకల్లో, గుచ్చకుండా ఆనింది. పిల్ల మాలీషు అనుకుని మెడ వంచింది కూడా.

"నడుం నొప్పి ఎలా ఉంది సార్?" అంది పాలపిట్ట. "నేనూ ఈ అమ్మాయీ కలిసి అలా బయటికి వెళ్ళొస్తాం."

"తూకం ఎత్తిన చోటే ఉంది," అన్నాడు త్రాసు. మేనకోడలి వైపు తిరిగి గొంతు కరుకు చేశాడు. "తక్కువొస్తే రెండోసారి తూచాలి. పడవ తిప్పి పెట్టు. ఊరికే నవ్వుతూ నిలబడతావేం, నీ ఒక్కదాని కోసమా గుడారం?"

అక్క కోపం గురించి అతనికి బాగా తెలుసు. కూతురికి అదే వచ్చింది. పిల్ల మొహం జేవురించింది. ఒక్క గుంజుతో ముందుకి వంగి పడవ భుజానికెత్తింది. షెడ్డులో ఎవరైనా పడవతో తిరిగేటప్పుడు "తిరుగుతున్నా" అని కేకేస్తారు, చుట్టూ ఉన్నవాళ్ళు ఒంగుతారు. ఆమె కేకెయ్యలేదు. గిర్రున తిరిగింది. అయిదు మీటర్ల పడవ తోక గుడారమంతా ఊడ్చుకుంటూ వచ్చి పాలపిట్ట మణికట్టుని తాకింది. సూది ఆవిడ తొడలోనే దిగింది.

ముందు మోకాళ్ళు వంగాయి. తర్వాత మనిషి. కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

"అయ్యో అక్కా! నేను చూడలేదు!"

"కళ్ళు తిరిగాయంతే," అన్నాడు త్రాసు. స్ట్రెచర్ పట్టుకుని అప్పటికే ఇద్దరు లోపలికొచ్చారు. వాళ్ళ బూట్లు డాక్టర్లవి కావు. "ఊపిరి ఆగనివ్వకండి," అన్నాడు వాళ్ళ చెవిలో. "ఆవిడతో చాలా మాట్లాడాలి."

ఒకడు వంగి మెల్లగా అన్నాడు. "చీఫ్ చెప్పమన్నారు. సంతకాలయ్యేదాకా ఇక్కడేమీ జరగలేదు. ఆ తర్వాత కూడా."

జడ్జి కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికెక్కింది. పడవ తిరిగి త్రాసు మీదికి వచ్చింది. అతని బొటనవేలు పట్టీ అంచు దాకా వెళ్ళింది. నూట నలభై గ్రాములు. వేలితో చిన్న నొక్కు. ముప్పై ఏళ్ళలో ఎంతమంది కొట్టువాళ్ళు ఎలా నొక్కుతారో అతనికి తెలుసు. గుమ్మం బయట రెండో స్థానం పిల్ల కనిపించింది. దాని అరచేతులు కూడా ఎండిన చెక్కలే.

వేలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

11.86. జడ్జి సంతకం. అతని సంతకం.

మేనకోడలు పడవ మీదికి వంగి, సీటు వెనక చెయ్యి పెట్టి, టేపు లాగింది. ఇనప రాయి బయటికొచ్చింది. అడుగున తూనికల శాఖ ముద్ర. దాన్ని చూసింది. అతని విరిగిన గోరు చూసింది. గుమ్మంలోంచి వెళ్తున్న స్ట్రెచర్నీ, దాని మీద దుప్పటి కింద మెరిసిన బేడీనీ చూసింది. అడగడానికి నోరు తెరిచింది. అతని మొహం చూసి మూసుకుంది.

బయట మైకులో వేరే పేరు చదివారు. జనం అరిచారు. నీళ్ళ మీద తెప్ప దగ్గర అతిథి నవ్వుతూ, బతికి, ముందుకి వంగాడు.

ఆమె ఆ రాయిని అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, గొంతు మాత్రం అచ్చం అక్క గొంతే.

"ముప్పై ఏళ్ళకి ఒక్క తక్కువ తూకం కేసు రాశావు మామయ్యా. అదీ ఇంట్లోవాళ్ళ మీదే. అమ్మకి నేనే చెప్తాలే."